నాయిన గోళీల సంచి: ముందు జాగ్రత్తకని ఏస్కునే ఆస్ప్రిన్ ఆపాల్నా, ఉంచాల్నా?

బత్తాయితోట · ఆదివారం, పొద్దున 8:40

అందరికీ నమస్తే. మా నాయినకు 74 ఏండ్లు. మునుగోడు దిక్కు ఊర్లనే ఉంటడు, అమ్మ పోయి నాలుగేండ్లాయె. నాది హైదరాబాద్‌ల కొలువు, పదిహేను రోజులకోసారి పోయొస్త.

నాయినకు బీపీ ఉంది, షుగర్ లేదు. గుండెపోటు రాలే, స్టెంటు ఎయ్యలే, పక్షవాతం లేదు. 2011ల నడుస్తుంటె ఆయాసం వస్తుందంటె ఒక దవఖానకు తీస్కపోయినం. ఈసీజీ తీసిర్రు, అంతా మంచిగనే ఉంది అన్నరు, పోతపోత "ముందు జాగ్రత్తకు" అని రక్తం పలుచన గోళి రాసిర్రు. అప్పటిసంది రోజూ రాత్రి బువ్వ తిన్నంక ఆస్ప్రిన్ 75. గుడికి పోవుడు మర్సిపోతడేమో గాని ఆ గోళి మర్వడు.

మొన్న ఆఫీసుల ఒకాయన అన్నడు, గుండె జబ్బు లేనోళ్లకు 70 దాటినంక ఆస్ప్రిన్ లాభం లేదని పెద్ద పరిశోధన వచ్చింది అని. వాట్సాప్ ముచ్చట అనుకున్న. చూస్తే నిజంగనే ఉన్నది. నాయినకు పండ్లు తోముకుంటె రక్తం వస్తది, ముంజేతుల మీద నల్లగ కమిలినట్టు మచ్చలైతయ్. ఆపమంటె నాతోని కొట్లాట పెట్టుకుంటడు. ఏం జెయ్యాలె?

పిల్లలమర్రి_నీడ · ఆదివారం, 9:15

చెల్లె, నువ్వయితే ఆపమని అనకు. మా మామకు స్టెంటు ఉంది. పన్ను పీకేటప్పుడు ఎవరో రెండు రోజులు ఆపమన్నరు. ఆపిండు, మళ్ల మొదలువెట్టుడు మర్సిండు. ఆరు వారాలకు ఛాతిల నొప్పని అర్ధరాత్రి మహబూబ్‌నగర్ ఉరికినం, ఆడికెళ్లి హైదరాబాద్. బతికిండు. గాని ఇప్పుడు గేటు దాక పోతే ఆయాసం. గోళి అంటె ఆటలు కాదు.

దేవరకొండ_మెడికల్ · ఆదివారం, 9:50

నేను మందుల షాపుల పదకొండేండ్ల సంది ఉన్న. ఒక్క మాట చెప్త. మా దగ్గరికొచ్చే పెద్దమనుషులల్ల సగం మందికి చిట్టీ ఉండదు. ఖాళీ స్ట్రిప్పు పట్టుకొస్తరు, "గిదే ఇయ్యి" అంటరు. ఎవలు రాసిర్రు, ఎప్పుడు రాసిర్రు, ఎందుకు రాసిర్రు అని అడిగితె "నువ్వు ఇస్తవా ఇయ్యవా" అంటరు. నేనియ్యకపోతె పక్క షాపుల దొరుకుతది. ఒకసారి మొదలైన గోళి మనిషి ఉన్నన్ని రోజులు నడుస్తది, అంతే.

రాత్రిడ్యూటీ · ఆదివారం, మధ్యాహ్నం 2:05

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, సర్కారు కొలువు, ఊరు చెప్పను. పిల్లలమర్రి అక్క చెప్పింది నిజం, ఆఫీసాయన చెప్పిందీ నిజం. ఇద్దరూ వేరే వేరే మనుషుల గురించి మాట్లాడుతున్నరు.

స్టెంటు ఉన్నోళ్లు, ఒకసారి గుండెపోటో, రక్తం గడ్డకట్టి పక్షవాతమో వచ్చినోళ్లు: వీళ్లకు ఆస్ప్రిన్ రెండోసారి రాకుండ కాపాడుతది. వీళ్లు సొంతంగ ఆపితే అక్క మామకు అయిందే అయితది. దయచేసి ఈ ముచ్చట చదివి ఎవరూ ఆపకుర్రి.

అసలు ఏ జబ్బూ రానోళ్లకు, "రాకుండ" అని ఇచ్చేది వేరే లెక్క. ఆఫీసాయన చెప్పింది 2018ల వచ్చిన ఆస్‌ప్రీ ట్రయల్ కావచ్చు. ఆస్ట్రేలియాల 16,703 మంది, అమెరికాల 2,411 మంది, కలిపి 19,114. దాదాపు అందరూ 70 దాటినోళ్లే. గుండె జబ్బు గాని, మతిమరుపు జబ్బు గాని లేనోళ్లు. సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్, సగం మందికి చూడనీకి అట్లనే ఉండే ఉత్త గోళి. ఎవరు ఏది మింగుతున్నరో వాళ్లకూ తెల్వదు, డాక్టర్లకూ తెల్వదు. దగ్గరదగ్గర ఐదేండ్లు చూసినంక తేలిందేందంటె, మతిమరుపు రాకుండ, మంచాన పడకుండ బతుకుడుల రెండు గుంపులకూ తేడా లేదు. తేడా వచ్చింది రక్తస్రావంల. వెయ్యి మందిని ఏడాది పాటు చూస్తే ఉత్త గోళి దిక్కు 6.2 పెద్ద రక్తస్రావాలు, ఆస్ప్రిన్ దిక్కు 8.6. పెద్ద రక్తస్రావం అంటె చిగుళ్లు కాదు. మెదడుల, కడుపుల, రక్తం ఎక్కించాల్సి వచ్చేటియి.

2022ల అమెరికా నివారణ వైద్య బృందం 60 దాటినోళ్లకు ముందు జాగ్రత్తకని కొత్తగ మొదలువెట్టొద్దు అని చెప్పింది. ముసలోళ్లకు ఏ మందులు ప్రమాదమో చెప్పే బీర్స్ జాబితా అని ఒకటుంటది. 2023ల దాన్ని సవరించినప్పుడు, ఇప్పటికే ఏస్కుంటున్నోళ్లకు కూడ ఆపే ఆలోచన చెయ్యుర్రి అని రాసిర్రు.

అంటె నాయిన గోళి మీద మాట్లాడాల్సిన టైం వచ్చింది. కాని మాట్లాడాల్సింది 2011ల ఆ గోళి ఎందుకు రాసిర్రో పాత కాగితాలు చూసే డాక్టర్‌తోని, నాతోని కాదు. ఇంకొకటి. ఆ ఒక్క గోళి కాదు, సంచి మొత్తం పట్కపోవాలె.

విశ్రాంత_సారు · ఆదివారం, సాయంత్రం 6:30

డాక్టరు గారికి నమస్కారం. నాగర్‌కర్నూల్ నుంచి ఒక పాత బడిపంతులును. సందేహం అడుగుతాను, కోప్పడవద్దు.

ఆస్ట్రేలియాలో డెబ్బై ఏళ్లాయన అంటే ఏడాదికోసారి పరీక్షలు చేయించుకునేవాడు. మా వీధిలో డెబ్బై ఏళ్లాయన అంటే పన్నెండేళ్లకే నాగలి పట్టి, కరువొచ్చినప్పుడల్లా ముల్లె సర్దుకుని బొంబాయి, భీవండి వలసపోయి, కాలువలు తవ్వి, ఒళ్లంతా అరిగిపోయి ఇల్లు చేరినవాడు. ఇద్దరినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తారు?

పైగా ఆ డెబ్బై మాత్రం నిజమా? ఒక తప్పు ఒప్పుకుంటాను. బళ్లో చేర్చుకునేటప్పుడు పుట్టిన తేదీ తెలియని పిల్లలకు నా చేత్తో నేనే జూన్ నెల తేదీలు వేశాను. ఎంతమందికో లెక్కలేదు. బడి మొహం చూడనివాళ్లకు ఆధార్‌లో జనవరి 1 పడింది. మా వీధిలో జనవరి 1న పదకొండు మంది పుట్టారు. వాళ్లలో ఎవరికి అరవై ఎనిమిదో, ఎవరికి డెబ్బై ఎనిమిదో ఆ పరమాత్మకే ఎరుక.

డాలస్‌ల_డిండి · ఆదివారం, రాత్రి 9:10

హహ సార్, మా నాయినమ్మకు ఆధార్ ప్రకారం మా పెద్దబాపు కన్నా ఆరేండ్లే ఎక్కువ!

రాత్రిడ్యూటీ · సోమవారం, తెల్లవారుజామున 4:20

సార్, కోపం ఎందుకు, అడగాల్సిన ప్రశ్నే. వార్డు ఇప్పుడే సల్లవడ్డది కాబట్టి రాస్తున్న.

మన దేశంల పెద్దోళ్ల మీద పెద్ద సర్వే ఉన్నది, లాసీ అంటరు. 2017-18ల మొదటి విడత, 45 దాటినోళ్లు 72 వేల మందికి పైగా. దాంట్లెకెల్లే 60 దాటినోళ్లను ఏరి మతిమరుపు జబ్బు లెక్క తీసిర్రు: 7.4 శాతం, అంటె దేశం మొత్తం మీద 88 లక్షల మంది. ఆడవాళ్లల్ల ఎక్కువ, పల్లెలల్ల ఎక్కువ. కాని గమనించుర్రి, ఇది లెక్క తీసుడు. ఎంతమందికి ఏముందో తెలిసింది. ఏ గోళి ఇస్తే మన ముసలోళ్లకు ఏమైతదో చూసిన పెద్ద ట్రయల్స్ మాత్రం ఎక్కువ బయటి దేశాలయే. మీరన్న తక్కెడ బాధ మాకూ ఉన్నది.

వయసు సంగతికి ఒక ఉపాయం ఉంది. ఆధార్ పక్కన పెట్టుర్రి. గోడకు ఆనించిన కుర్చీల కూసోబెట్టి, చేతులు రొమ్ము మీద కట్టుకొని ఐదుసార్లు లేచి కూసుండుమనుర్రి, పక్కన ఒక మనిషి ఉండాలె. 15 సెకన్లు దాటితే కాళ్ల కండ తగ్గుతున్నట్టు. చేతులు ఆనియ్యనిది లేవనే లేకపోతే అది 65 అయినా ముసలితనమే. 80 దాటి కూడ పది సెకన్లల్ల లేచి నన్ను ఎక్కిరించినోళ్లు ఉన్నరు.

బత్తాయితోట · సోమవారం, మధ్యాహ్నం 1:30

డాక్టర్ సార్, మస్తు థాంక్స్. బీపీ గురించి కూడ అడుగుత. నాయినకు ఒకచోట 160 అంటరు, ఇంకోచోట 126. పెద్దోళ్లకు జర ఎక్కువుంటె ఏం కాదని మా పక్కింటాయన, 120 లోపలనే ఉండాలె అని యూట్యూబ్. ఏది నమ్మాలె?

రాత్రిడ్యూటీ · సోమవారం, రాత్రి 10:45

దీని మీద మంచి పని జరిగింది, జర ఓపికతోని చదువు.

80 దాటినోళ్లకు బీపీ మందులు దండగ అనుకునే రోజులుండె. 2008ల హైవెట్ అనే ట్రయల్ దాన్ని తప్పని తేల్చింది. 3,845 మంది, అందరూ 80 పైనోళ్లే, లక్ష్యం 150/80. మందులిచ్చిన దిక్కు మరణాలు 21 శాతం తగ్గినయని మధ్యలనే ఆపేసిర్రు. తర్వాత 2015ల స్ప్రింట్. ఈసారి పై అంకె 120 లోపలికి తెచ్చుడు మంచిదా, 140 లోపల చాలా అని. 75 దాటినోళ్లు అందుల 2,636 మంది. ఆ వయసోళ్లల్ల 140 దిక్కు 107 మంది చనిపోతే, 120 దిక్కు 73 మంది. అంటె పక్కింటాయన మాట చెల్లదు.

మరి యూట్యూబ్ మాట? స్ప్రింట్‌ల ఎవరిని తీస్కోలేదో చూడాలె. షుగర్ ఉన్నోళ్లను తీస్కోలే. పక్షవాతం వచ్చినోళ్లను తీస్కోలే. నిలవడ్డంక బీపీ 110 కన్న తక్కువకు జారేటోళ్లను తీస్కోలే. బీపీ చూసుడు కూడ ఎట్ల? ఐదు నిమిషాలు గమ్మున కూసోబెట్టి, మిషన్‌తోని మూడుసార్లు చూసి సగటు తీస్కున్నరు. మన దగ్గరెట్ల? ఆటో దిగి, రెండంతస్తులు మెట్లెక్కి, టోకెన్ కోసం లొల్లి పెట్టుకొని వచ్చినాయనకు అంగీ మీదనే పట్టీ చుట్టి 160 అని రాసి ఇంకో గోళి పెంచుతం. నేనూ పెంచిన, అబద్ధమాడను. ఓపీల నూట యాభై మంది ఉంటె ఐదు నిమిషాలు ఎక్కడికెల్లి తేవాలె?

కాబట్టి ఇంట్ల చూడు. పొద్దుగాల గోళి ఏస్కోకముందు, కుర్చీల ఎనక్కి ఆనుకొని ఐదు నిమిషాలు కూసున్నంక. దాంతోని పాటు ఇంకొకటి: పండుకోబెట్టి ఒకసారి చూడు, లేచి నిలవడ్డంక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడు. పై అంకె 20 పడిపోతే అది డాక్టర్‌కు చెప్పాల్సిన మాట. పెద్దోళ్లు బాత్రూంల పడుడు ఎన్కాల ఇదే దాక్కొని ఉంటది చానాసార్లు.

ఉదయసముద్రం · మంగళవారం, పొద్దున 7:15

పడుడు ముచ్చట వచ్చింది కాబట్టి నల్లగొండోళ్లం మనం ఒకటి మర్వొద్దు. ఫ్లోరైడ్. ఈ బత్తాయితోట చెల్లె వాళ్ల మునుగోడు, మర్రిగూడ, చండూరు దిక్కు పెద్దోళ్లంతా బోరు నీళ్లు తాగి పెరిగినోళ్లే. నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె, ఇంకో దారి లేకపోతే 1.5 దాక. మన దిక్కు కొన్ని బోర్లల్ల దానికి ఎన్నో రెట్లుండె. పటిక, సున్నం ఏసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్ సంస్థోళ్లు పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. జిల్లాకు పేరొచ్చింది గిట్ల! మిషన్ భగీరథ పైలాన్ 2015ల చౌటుప్పల్‌ల పెట్టిర్రు, కృష్ణ నీళ్లొచ్చినయ్. కొత్త పోరగాండ్లు బతికిండ్రు. కాని నలభై యాభై ఏండ్లు బొక్కలల్ల కూసున్నది నల్లా తిప్పంగనే పోదు.

ఎందుకు చెప్తున్ననంటె, మా అమ్మకు బొక్కల గట్టితనం చూసే డెక్సా స్కాన్ తీసిర్రు. రిపోర్టు చూసి "మీ వయసోళ్ల కన్న గట్టిగున్నయ్, బేఫికర్" అన్నరు. ఎనిమిది నెలలకు వాకిట్ల జారి తుంటి విరిగింది. తర్వాత ఇంకో డాక్టర్ చెప్పిండు, ఫ్లోరైడ్ బొక్క ఫొటోల తెల్లగ గట్టిగ కనవడ్తది, లోపల పెళుసు అని. సుద్దముక్క లెక్క.

రాత్రిడ్యూటీ · మంగళవారం, మధ్యాహ్నం 3:00

ఉదయసముద్రం అన్న, ఆ డాక్టర్ కరెక్ట్ చెప్పిండు, దానికి పాత సాక్ష్యం కూడ ఉన్నది. ఒక కాలంల ఫ్లోరైడ్‌నే బొక్కల బలానికి మందుగ ఇద్దామని చూసిర్రు. నమ్ముతరా? 1990ల అమెరికాల 202 మంది ఆడవాళ్ల మీద ట్రయల్ అచ్చయింది. రోజూ 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, నాలుగేండ్లు. నడుము ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. ఎన్నుపూస విరుగుడు మాత్రం చెప్పుకునేటంత తగ్గలే, మిగిలిన బొక్కలు విరుగుడు ఇంకా పెరిగింది. స్కాన్ల అంకె బాగుండుడు వేరు, బొక్క బాగుండుడు వేరు.

అందుకే ఆ దిక్కు పెద్దోళ్ల డెక్సా రిపోర్టు చూసేటప్పుడు ఏ ఊరు నీళ్లు తాగిర్రో అడగాలె. ఎన్నుపూస బిగుసుకపోయి మెడ తిరగదు, అడుగులు చిన్నగ పడ్తయ్, దాంతోనే పడుడు ఎక్కువ. కాళ్లల్ల తిమ్మిర్లు, బలం తగ్గుడు ఉంటె ఎన్నుపాము మీద ఒత్తిడి ఉందా అని కూడ చూపియ్యాలె. వయసు అని ఇడిసిపెట్టొద్దు.

డాలస్‌ల_డిండి · మంగళవారం, రాత్రి 8:40

బొక్కలంటె యాదికొచ్చింది. మా అమ్మ వారానికొకటి విటమిన్ డి పొడి ప్యాకెట్, అదే 60,000 యూనిట్లది, పాలల్ల కలుపుకొని తాగుతది. రెండేండ్లాయె. నేను ఇక్కడ డాక్టర్‌కు చెప్తే కండ్లు పెద్దగ చేసిండు.

దేవరకొండ_మెడికల్ · మంగళవారం, రాత్రి 9:05

అన్నా, అది ఎనిమిది వారాలకు రాస్తరు. జనం జీవితాంతం తాగుతరు. పెండ్లి కట్నం లెక్క డబ్బాలు డబ్బాలు తీస్కపోతరు.

రాత్రిడ్యూటీ · మంగళవారం, రాత్రి 11:30

నిజంగ తక్కువున్నోళ్లకు ఇయ్యాల్సిందే, మన దగ్గర తక్కువున్నోళ్లు మస్తుగున్నరు కూడ. కాని ఎక్కువైతే మంచిది అనేది తప్పు. 2010ల ఆస్ట్రేలియాల 70 దాటిన ఆడవాళ్లు 2,256 మందికి ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిర్రు. పడుడు తగ్గాల్సింది పోయి 15 శాతం పెరిగింది, బొక్కలు విరుగుడు 26 శాతం పెరిగింది. 2016ల స్విట్జర్లాండ్‌ల 200 మంది మీద చూస్తే, అంతకుముందు ఒకసారి పడ్డోళ్లకు నెలకు 60,000 ఇచ్చిన గుంపు 24,000 ఇచ్చిన గుంపు కన్న ఎక్కువ పడ్డరు. మీ అమ్మది నెలకు కాదు, వారానికి. రక్తంల డి, క్యాల్షియం చూపియ్యుర్రి.

పడుడు తగ్గించేది ఏందంటె, ఎవరికీ నచ్చని జవాబు. కసరత్తు. 108 ట్రయల్స్, 23 వేలకు పైగ మందిని కలిపి 2019ల కాక్రేన్ అనే పరిశోధన సంస్థ వాళ్లు లెక్క తీస్తే, అన్ని రకాల కసరత్తులు కలిపి చూసినా, చేసినోళ్లల్ల పడుడు 23 శాతం తగ్గింది. ఇంత పని చేసే గోళి నా దగ్గర లేదు.

మూలికావనం · బుధవారం, పొద్దున 6:00

[ఈ పోస్టు తీసేసినం. మోకాళ్ల నొప్పుల పొడి అమ్మకాలు, ఫోన్ నంబర్లు ఈడ పెట్టొద్దు. రెండోసారి హెచ్చరిక. — వేదిక నిర్వాహకులు]

పిల్లలమర్రి_నీడ · బుధవారం, మధ్యాహ్నం 12:20

మొదటి రోజు జర గట్టిగ మాట్లాడిన, ఏమనుకోకు చెల్లె. ఇప్పుడు మా అత్తమ్మ ముచ్చట చెప్త.

అత్తమ్మకు 71. షుగర్. శనివారం శనివారం ఒక్కపొద్దు ఉంటది, మన్నెంకొండ ఎంకన్న మొక్కు. గోళి మాత్రం ఏస్కుంటది, "మందుకు ఒక్కపొద్దు లేదు గదా" అంటది. పోయిన శ్రావణంల ఒక శనివారం మధ్యాహ్నం, బియ్యం చెరుగుతున్న మనిషి చాట పక్కకు పెట్టి ఊకె నన్నే చూస్తుంది. అత్తమ్మా అంటె పలుకుతలేదు. మూతి ఒక దిక్కు గుంజినట్టు, కుడి చెయ్యి లేస్తలేదు. ఒళ్లంత చెమట, చీర తడిసిపోయింది. పక్షవాతం అనుకున్నం. మా ఆయన కారు తీసిండు, మా మరిది ఏడుస్తుండు.

దవఖానల వాకిట్లనే ఒక సిస్టర్ వేలు గుచ్చి చూసింది. షుగర్ 38. గ్లూకోజ్ ఎక్కిస్తుంటె పదిహేను నిమిషాలకు కండ్లు తెరిచి, మొదటి మాట, "చాట ఏడ వెట్టిర్రు, కోళ్లు తింటయ్" అన్నది. నేను నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వలే.

రాత్రిడ్యూటీ · బుధవారం, రాత్రి 9:50

అక్కా, ఇది చదివి నా ఒళ్లు జలదరించింది, ఎందుకంటె ఇట్లాంటియి మేము స్కాన్ దాక పంపి తర్వాత తెలుసుకున్న రోజులున్నయ్. ఆ సిస్టర్‌కు దండం పెట్టాలె. షుగర్ పడిపోతే అచ్చం పక్షవాతం లెక్కనే కనవడొచ్చు.

ఆ గోళి పేరు చూడుర్రి, గ్లిబెన్‌క్లమైడ్ అని ఉంటె అది పెద్దోళ్లకు వద్దనే మందులల్ల ముందుంటది. చౌక, పాతది, మెట్‌ఫార్మిన్‌తోని కలిపి ఒక్క గోళిగ కూడ వస్తది. ఒంట్లకెల్లి తొందరగ పోదు, కిడ్నీ జర మందగిస్తే ఇంకా నిలుస్తది. ఇంకొకటి, పెద్దోళ్లకు షుగర్‌ను మరీ కిందికి గుంజుడు మంచిది కాదని 2008లనే అకార్డ్ ట్రయల్ చూపించింది: 10,251 మందిల గట్టిగ తగ్గించిన దిక్కే మరణాలు ఎక్కువైతున్నయని ఆ భాగం ముందే ఆపేసిర్రు. ఇప్పుడు నాలుగైదు జబ్బులున్న పెద్దోళ్లకు మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 8 శాతం లోపల ఉంటె చాలు అంటున్నరు.

ఒక్కపొద్దు మానమని మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. శనివారం ఏ గోళి ఆపాలె, ఏది ఉంచాలె అని మీ డాక్టర్‌తోని కాగితం మీద రాయించుకోర్రి. రంజాన్ ముందు మా దగ్గరికి వచ్చి అడిగే చాచాలు ఎప్పటిసందో చేస్తున్న పనే ఇది.

బత్తాయితోట · ఆదివారం, సాయంత్రం 5:40

ఊర్లకెళ్లి రాస్తున్న. ఇయ్యాల సంచి విప్పిన.

సంచి అంటె యూరియా సంచితోని కుట్టించిన చేతిసంచి, దూలానికి మొలకు ఏలాడుతది. మంచం మీద కుమ్మరిస్తె నాయిన "ఏం జప్తు చేస్తున్నవా" అన్నడు. పదమూడు స్ట్రిప్పులు. రెండు ఎక్స్‌పైరీ అయినయి, అవి అమ్మవి. అవి పారేస్తనంటె ఏం మాట్లాడలే, చేతికెల్లి తీస్కొని మళ్ల సంచిలనే పెట్టుకున్నడు. నేను కూడ ఏం అనలే.

మిగిలినయి ఒక్కొక్కటి ఎనక చిన్న అక్షరాలు ఫోన్‌ల పెద్దగ చేసి చదివిన. నల్లగొండ డాక్టర్ రాసిన బీపీ గోళి: టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిపింది. సబ్‌సెంటర్‌ల నెలనెలా ఇచ్చే బీపీ గోళి: ఆమ్లోడిపిన్ 5. రెండూ ఏస్కుంటుండు! ఒకటి గులాబి, ఒకటి తెలుపు కాబట్టి వేరే వేరే అనుకున్నడంట. కాళ్ల వాపు ఉందని ఇంకొకాయన రాసిన లాసిక్స్. మోకాళ్లకు ఊరి ఆర్ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్, అది రోజూ. కడుపు మంటకు ఒకటి. నిద్రకు ఒక చిన్న గోళి, ఆల్ప్రాజోలం. ఆస్ప్రిన్ సరేసరి.

బీపీ చూసిన, మీరు చెప్పినట్టే. పండుకున్నప్పుడు 134. నిలవడ్డంక ఒక నిమిషానికి 108. నాయిన గోడ పట్టుకున్నడు. "రోజూ గిట్లనే అయితది, నీకు చెప్తే భయపడ్తవని చెప్పలే" అన్నడు. పోయిన నెల రాత్రి ఒంటికి లేచి రెండుసార్లు పడ్డడంట.

దేవరకొండ_మెడికల్ · ఆదివారం, 6:00

అయ్యో. ఈ సంచి నేను రోజూ చూస్తున్న అక్కా. మీదొక్కలదే కాదు.

రాత్రిడ్యూటీ · ఆదివారం, రాత్రి 7:15

చెల్లె, రేపే డాక్టర్ దగ్గరికి తీస్కపో. నువ్వు సొంతంగ ఏదీ ఆపకు, ముఖ్యంగ నిద్ర గోళి. రోజూ ఏస్కునేది ఒక్కసారి ఆపితే ఇంకో లొల్లి.

కాని ఇది ఎట్ల జరిగిందో చెప్త, డాక్టర్‌తోని మాట్లాడనీకి పనికొస్తది. ఆమ్లోడిపిన్‌కు కాళ్లు వాచుడు తెలిసిన గుణమే, డోసు పెరిగిన కొద్ది ఎక్కువ. ఆ వాపు చూసి కొత్త జబ్బు అనుకొని నీళ్లు పోయే గోళి ఇచ్చిర్రు. ఆ వాపుకు లాసిక్స్ సరిగ పనిచెయ్యదు, ఎందుకంటె ఒంట్ల నీరెక్కువై వచ్చిన వాపు కాదది. ఒంటికి మాత్రం రాత్రంత లేపుతది. నీళ్లు పోయి బీపీ నిలవడ్డంక జారుతది. దాని మీద నిద్ర గోళి మత్తు. చీకట్ల లేస్తడు, పడ్తడు. ఒక గోళి చేసిన పనిని జబ్బు అనుకొని ఇంకో గోళి రాసుడు, గొలుసు లెక్క. కెనడాల ఒంటారియోల 66 దాటిన బీపీ పేషెంట్ల రికార్డులు చూసి 2020ల అచ్చు వేసిర్రు: ఈ రకం గోళి కొత్తగ మొదలైనోళ్లకు తర్వాతి నెలలల్ల లాసిక్స్ లాంటియి రాసుడు వేరే బీపీ మందులోళ్ల కన్న రెట్టింపుకు అటూఇటూ ఉన్నది. అంటె కెనడాల కూడ ఇదే సంచి.

టెల్మిసార్టాన్, లాసిక్స్, డైక్లోఫెనాక్ మూడూ ఒక్కదగ్గర ఉంటె కిడ్నీకి మూడు దిక్కులకెల్లి దెబ్బ. కిడ్నీ ఎట్ల పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, చూపియ్యి. డైక్లోఫెనాక్, ఆస్ప్రిన్ కలిస్తే కడుపుల రక్తస్రావం భయం ఇంకా పెరుగుతది. నువ్వు మొదలు అడిగిన ఆస్ప్రిన్ ప్రశ్న ఈ సంచిల ఒక మూలకు ఉన్నది చూసినవా?

విశ్రాంత_సారు · ఆదివారం, రాత్రి 8:30

అమ్మా, మీ అమ్మగారి మందులు నాన్నగారు తిరిగి సంచిలో పెట్టుకున్నారన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నేనూ మా సంచి తీశాను. ఎనిమిది. రెండింటికి కారణం నాకు గుర్తులేదు.

ఉదయసముద్రం · సోమవారం, పొద్దున 9:00

జర వేరే ముచ్చట. పెద్దాయన ఫోన్ల మాట్లాడితే "ఆఁ ఆఁ" అంటడా చెల్లె? మా అమ్మ డాక్టర్ చెప్పిన మాట సగం ఇనకుండనే తల ఊపేది, గోళీలు తారుమారు అయినయి గందుకే.

రాత్రిడ్యూటీ · సోమవారం, రాత్రి 10:00

మంచి మాట. చెవిటితనం మీద 2023ల అచీవ్ అని ఒక ట్రయల్ వచ్చింది, 70 నుంచి 84 ఏండ్లోళ్లు 977 మంది. చెవి మిషన్ ఇస్తే మతి తగ్గుడు ఆగుతదా అని. మొత్తం మీద తేడా రాలే. కాని ముందే గుండె, బీపీ ఇబ్బందులు ఎక్కువున్న గుంపుల మూడేండ్లకు మతి తగ్గుడు 48 శాతం నెమ్మదించింది. ఆ 48 ఒక్కటే చూడొద్దు, మొత్తం మీద తేడా లేదన్నది కూడ యాదికుంచుకోవాలె. అయినా మాట ఇనవడుడే ఒక లాభం గద. 60 దాటి, ఆదాయం తక్కువున్నోళ్లకు కేంద్రం వయోశ్రీ పథకంల చెవి మిషన్, చేతికర్ర, కట్టుడు పండ్లు ఉత్తగనే ఇస్తరు, క్యాంపు ఎప్పుడో కలెక్టరేట్‌ల అడగాలె.

బత్తాయితోట · ఐదు వారాల తర్వాత, ఆదివారం

మర్సిపోయిన అనుకున్నరా? నల్లగొండల ఒక ఫిజీషియన్ మేడంకు చూపించిన. సంచి టేబుల్ మీద కుమ్మరిస్తె కోప్పడలే, కుర్చీ దగ్గరికి గుంజుకొని ఒక్కొక్కటి చదివింది. పాత ఈసీజీ, కొత్త ఈసీజీ, టూడీ ఎకో అన్నీ చూసి, గుండెకు ఏం లేదని తేల్చి ఆస్ప్రిన్ ఆపింది. రెండు ఆమ్లోడిపిన్లల్ల ఒకటే ఉంచింది. కాళ్ల వాపు రెండు వారాలల్ల దిగింది, తర్వాత లాసిక్స్ కూడ తీసేసింది. డైక్లోఫెనాక్ బంద్, మోకాళ్లకు పారాసిటమాల్, తొడల కసరత్తు. నిద్ర గోళి సగం సగం చేస్కుంట తగ్గిస్తుంది, ఇంకా పూర్తిగ పోలే, ఆ మొదటి వారం నాయిన నన్ను తిట్టని తిట్టు లేదు. క్రియాటినిన్ 1.6 ఉండె, ఇప్పుడు 1.2. నిలవడ్డంక బీపీ 126.

కుర్చీల లేసుడు 21 సెకన్లకెల్లి 16కు వచ్చింది. రచ్చబండ కాడ తోటోళ్లతోని పందెం కడ్తుండంట, ఓడినోళ్లు చాయ్ పొయ్యాలె.

డాలస్‌ల_డిండి · అదే రోజు

సూపర్! మా అమ్మకు డి చూపిస్తే ఉండాల్సిన దాని కన్న మస్తు ఎక్కువ వచ్చింది, ప్యాకెట్లు బంద్.

పిల్లలమర్రి_నీడ · అదే రోజు

మంచిగైంది చెల్లె. మా అత్తమ్మకు గోళి మార్చిర్రు, శనివారం కాగితం దేవుని అర్ర తలుపుకు అంటించిన. మరి ఆస్ప్రిన్ ఆపుతె కొట్లాట పెట్టుకోలేదా?

బత్తాయితోట · అదే రోజు, రాత్రి

పెట్టుకోలే అక్కా, అదే నాకు అనుమానమొచ్చింది. నిన్న ఆయన అంగీ ఉతుకుదామని తీస్తె బొడ్లెసంచిల సగం స్ట్రిప్పు దొరికింది. లెక్కవెడితె ఏస్కుంటలేడు, ఊకె దగ్గర పెట్టుకుంటుండు. అడిగితె "ఉండనియ్యి, పదమూడేండ్ల దోస్తు" అన్నడు.

రాత్రిడ్యూటీ · అదే రోజు, రాత్రి

ఎక్స్‌పైరీ తేదీ ఒకసారి చూడు చెల్లె.

బత్తాయితోట · అదే రోజు, రాత్రి

వచ్చే ఫిబ్రవరి.

రాత్రిడ్యూటీ · అదే రోజు, రాత్రి

అయితే ఫిబ్రవరి దాక ఉండనీ.